తొమ్మిది వరుసల ద్రాక్ష, రెండు చట్టాలు

ఇమోలా,
పునీత లూకా పండుగ మరునాడు, 1466

నాయనా గల్వానో,

మీ తాతకు డాక్టరు పట్టా లేదు. "తాత ఒక్క రోమను చట్టంలో పట్టా పుచ్చుకుని జీవితమంతా దర్జాగా బతకలేదా, నాకు రెండెందుకు" అని రాశావు. దర్జాగా బతికిన మాట నిజమే. పట్టా మాట మాత్రం ఆయన పెళ్ళి విందుల్లో రెండో గ్లాసు తరవాత చెప్పేది. ఆయన నోటరీ. బొలోన్యాలో రెండు చలికాలాలు బల్ల మీద కూర్చుని పాఠం విన్నాడు. మూడో చలికాలానికి నన్ను చేసుకుని ఇంట్లో పొయ్యి దగ్గర కూర్చున్నాడు. నా కోసం చదువు మానేశానని అందరికీ చెప్పేవాడు. వినడానికి బాగుండేది కాబట్టి నేనూ కాదనలేదు.

ఇక అసలు సంగతి. పాస్కా పండుగకి రోమను చట్టం పరీక్ష ఒక్కటీ ఇచ్చేసి ఇంటికి వచ్చేస్తానని మీ నాన్నకు రాశావట. నగర న్యాయమూర్తి పక్కన నీకు కుర్చీ ఖాయమైందని మీ నాన్న రినాల్దో, మంగలి దుకాణంలో కూర్చుని చెప్పుకుంటున్నాడు. ఆ కుర్చీ ఎక్కడికీ పోదు, కర్రతో చేసిందే కదా. ఇంకో ఏడాది ఉండి శ్రీసభ చట్టం, అదే దేవాలయాల చట్టం, కూడా పూర్తి చెయ్యి. మూడేళ్ళుగా ఆ పాఠాలు ఈ చెవిన విని ఆ చెవిన వదిలేశావు. ఇప్పుడైనా ఒక చెవి మూసుకుని విను.

మా నాన్న వ్యాకరణం బడి నడిపేవాడని నీకు తెలుసు. ఉభయ చట్టాలూ చదివిన డాక్టర్లను నా చిన్నప్పుడు మా ఇంట్లో ఇద్దరిని చూశాను. ఎవరేం అడిగినా ఆ ఇద్దరూ జవాబు చెప్పేముందు కాస్త ఆగేవారు. ఒక చట్టం చదివినవాళ్ళు ఆగరు. ఆ ఆగడం చూసి, మగపిల్లాడిగా పుడితే నేనూ ఆ చదువే చదివేదాన్నని మా అమ్మతో అన్నాను. "ముందు ఆ గిన్నె తోము" అంది మా అమ్మ.

నీకొక ప్రశ్న. టిటియుస్ అనే పెద్దమనిషికి నది ఒడ్డున అల్బానా ద్రాక్షతోట ఉంది. పక్కన మఠకన్యల కూరమడి, రెంటికీ మధ్య కాలవ. ఒక ఏడు వరద వచ్చి కాలవ పూడిపోయింది. టిటియుస్ మఠం వైపు జరిగి తొమ్మిది వరుసల తీగలు నాటాడు. అది నలభై రెండేళ్ళ కిందటి మాట. ఆ తొమ్మిది వరుసలు ఇప్పుడు ఎవరివి?

టిటియుస్ ఎవరని అడక్కు.

మీ నానమ్మ,
జిలియోలా


బొలోన్యా,
పునీతులందరి పండుగ, 1466

నానమ్మా,

మా బడిలో టిటియుస్ అంటే ఎవరూ కానివాడు. ఇల్లు అమ్ముతాడు, ఎద్దును పోగొట్టుకుంటాడు, వీలునామా తప్పుగా రాస్తాడు, ఎంతకీ చావడు. వెయ్యేళ్ళుగా పంతుళ్ళకు అన్నం పెడుతున్నవాడు. అయితే ఇంతవరకు ఏ టిటియుస్‌కూ నది ఒడ్డున అల్బానా తోట ఉన్నట్టు నేను చదవలేదు. మనకు ఉంది. ఆ తోట వెనక మఠమూ ఉంది. నన్ను మరీ అంత మొద్దు అనుకున్నావా?

జవాబు సులువు. దేవాలయాల భూమికి, మఠాల భూమికి రోమను చట్టంలో గడువు నలభై ఏళ్ళు. మామూలు మనుషులకైతే ముప్పయ్యే. నలభై దాటినా మఠం అడగలేదు కాబట్టి ఇక అడిగే హక్కు లేదు. నాటినప్పుడు పరాయి నేల అని తెలుసా తెలియదా అన్న ప్రశ్నే రాదు. చట్టానికి కావలసింది గొడవలు ఎప్పుడో ఒకప్పుడు ముగియడం. మనవడిగా చెప్తున్నాను, హాయిగా పడుకో. ఆ తొమ్మిది వరుసలూ తాతవి, ఆయన తరవాత నాన్నవి.

శ్రీసభ చట్టం సంగతి ఆలోచిస్తాను. ఆ పాఠం చెప్పే లన్‌ఫ్రాంకో గారు చాలా ముసలివారు. గొంతు ముందు బల్ల దాకానే వస్తుంది, ఆ బల్ల మీద జర్మనీ కుర్రాళ్ళు తెల్లారకముందే చోటు పట్టేస్తారు. గది చలి గురించి తాత నిజమే చెప్పాడు.

నువ్వు పంపిన చెస్ట్‌నట్ల మూట బీగో బండి మీద అందింది. సగం బీగో తిన్నాడు.

నీ
గల్వానో


ఇమోలా,
పునీత బార్బరా పండుగ, 1466

గల్వానో,

బీగో సగం తింటాడని తెలిసే రెండింతలు వేశాను.

నీ జవాబు రెండుసార్లు చదివాను. గొలుసు ఎక్కడా తెగకుండా చెప్పావు. మా నాన్న ఉంటే భుజం తట్టేవాడు. అయితే "తెలుసా తెలియదా అన్న ప్రశ్నే రాదు" అన్నావు చూడు, ఆ వాక్యం దగ్గర నాకు నిద్ర పట్టలేదు. ఎందుకంటే తెలుసు.

దాపరికం లేకుండా రాస్తున్నాను. మీ తాత పెట్టె అడుగున తోలు మీద రాసిన దస్తావేజు ఒకటి ఉంది. మఠానికీ మనకూ హద్దు ఎక్కడో అందులో అడుగుల లెక్కన రాసి ఉంది. వరద తగ్గిన వారానికి దాన్ని చేత్తో పట్టుకుని తోటలోకి వెళ్ళి ఆయనే కొలిచాడు. తాడు రెండో కొన పట్టుకున్నది నేను. ఇరవై మూడేళ్ళ దాన్ని. మోకాలి దాకా బురద. కొలిచి, లేచి నిలబడి, "మఠంలో మిగిలింది ఆరుగురు ముసలివాళ్ళు, ఎవరడుగుతారు" అన్నాడు. ఆ వసంతంలో తొమ్మిది వరుసలు నాటాడు. ఆ తొమ్మిది వరుసల ద్రాక్షే మన తోటలో అన్నిటికన్నా తీపి. అది నాకు ప్రతి ఏడూ కోపం తెప్పిస్తుంది.

ఇప్పుడు మఠానికి కొత్త పెద్దమ్మ వచ్చింది, బెనవెనూతా అని. పోయిన నెల మన ఇంటికి వచ్చి కూర్చుంది. "రినాల్దో గారూ, మా పాత కన్యలు ఇక్కడ కాలవ ఉండేదంటారు. మీ తండ్రిగారు నోటరీ కదా, పాత కాగితమేమైనా ఉందేమో ఒకసారి చూస్తారా?" అంది. ఎంతో మర్యాదగా అడిగింది. మీ నాన్న నవ్వి, "అమ్మగారూ, మా నాన్న దగ్గర కాగితాలు తప్ప ఇంకేమీ ఉండేవి కావు. అన్నీ చూశాను, అలాంటిది లేదు" అన్నాడు. వాడు నిజమే చెప్పాడు. ఆ పెట్టె తాళం నా దగ్గరే ఉంటుంది. నేను పక్కనే కూర్చుని ఊలు చుట్టుకుంటున్నాను. ఆమె నా వైపు చూసింది. నేను ఊలు వైపు చూశాను.

ఆ తొమ్మిది వరుసలూ నేను బతికుండగా ఎవరివో వాళ్ళకు చేరాలి. నాకు అరవై అయిదు దాటాయి. రోమను చట్టం ఏమంటుందో చెప్పావు. రెండోది ఏమంటుందో కూడా నాకు కావాలి.

జిలియోలా


బొలోన్యా,
విభూది బుధవారం, 1467

నానమ్మా,

ఇంత ఆలస్యమైనందుకు తిట్టు. నీ ఉత్తరం చదివాక పది రోజులు ఎవరితోనూ సరిగా మాట్లాడలేదు. తాత నాకు లాటిను అక్షరాలు దిద్దించినవాడు.

పదకొండో రోజు చీకటితోనే లేచి వెళ్ళి లన్‌ఫ్రాంకో గారి ముందు బల్ల మీద చోటు పట్టాను. ఆయన్ని ఇద్దరు మోసుకొచ్చి కూర్చోబెడతారు. కాలు దిండు మీద పెట్టుకుంటారు. పుస్తకం చూడరు. మూలం ఏ పుటలో ఉందో, చుట్టూ రాసిన వ్యాఖ్యలో ఎవరు ఎవరిని కాదన్నారో అంతా నోటికే. మూడేళ్ళు వెనక బల్ల మీద కూర్చుని నేను పోగొట్టుకున్నది ఇదా అనిపించింది. పాఠం అయ్యాక అడిగాను.

"గురువుగారూ, పరాయి నేల అని తెలిసి నాటినవాడికి ఎన్నేళ్ళకు సొంతమవుతుంది?"

"నీకు ఎన్నేళ్ళు కావాలి బాబూ?"

"నలభై రెండు."

"వంద తీసుకో. మొదటి రోజే తెలిసినవాడికి లెక్కలో రెండో రోజు రాదు."

"రోమను చట్టం నలభై అంటోంది కదండీ."

"అంటుంది. దాని పని అది బాగానే చేస్తుంది. మనుషులు కొట్టుకోకుండా చూస్తుంది. మాకు ఇంకో పని కూడా ఉంది, ఆ మనిషి రేపు దేవుడి ముందు నిలబడాలి. నీకు పొలం కావాలా, మనిషి కావాలా?" అని, కాసేపు ఆగి, "ఎవరయ్యా ఆ టిటియుస్?" అన్నారు. నేను బల్ల మీది కాగితాలు సర్దుకున్నాను. ఆయన మళ్ళీ అడగలేదు. నువ్వు చెప్పిన ఆగడం ఏమిటో అప్పుడు చూశాను నానమ్మా.

వారసుడికి ఆస్తితో పాటు ఆ తెలిసినతనం కూడా వస్తుందట. అంటే నాన్నకు తెలియకపోయినా ఆ వరుసలు నాన్నవి కావు.

నాన్న నుంచి కూడా ఉత్తరం వచ్చింది. మఠం పెద్దమ్మ మళ్ళీ అడిగితే చూపించడానికి "తోట మాదే" అని చట్టం ప్రకారం అభిప్రాయం రాసి పంపమంటున్నాడు. రాయను. బదులు ఒకటి చేస్తాను. పరీక్షకు ముందు ప్రతివాడూ ఒక ప్రశ్న తీసుకుని నలుగురిలో వాదించాలి. నేను టిటియుస్‌నే తీసుకుంటాను. పెంతెకోస్తు పండుగ తరవాతి శనివారం. నాన్నను పిలిచాను. నా నోట వింటే ఒప్పుకుంటాడు. శ్రీసభ చట్టం కూడా పూర్తి చేస్తాను, నువ్వు అడిగావని కాదు.

ఒక్కటి మాత్రం అర్థం కాలేదు. దస్తావేజు నీ దగ్గరే ఉంది, తాళం నీ దగ్గరే ఉంది. తీసి చూపిస్తే సరిపోయేదానికి ఇన్నేళ్ళు ఎందుకు ఆగావు?

గల్వానో


ఇమోలా,
పునీత యోసేపు పండుగ, 1467

గల్వానో,

లన్‌ఫ్రాంకో గారికి నా నమస్కారం చెప్పు. ఆయన కాలికి బార్లీ పిండి పట్టు వెయ్యమను, వేడిగా కాదు, గోరువెచ్చగా. ఆయన ఆవాలు పెట్టిన పదార్థాలు తింటారేమో కనుక్కో. తినకూడదు.

మీ నాన్న నీ వాదన వినడానికి కొత్త అంగీ కుట్టిస్తున్నాడు. ఎర్రది. వద్దన్నాను.

నీ చివరి ప్రశ్న చదివాను.

జిలియోలా


ఇమోలా,
దివ్యసత్ప్రసాద పండుగ మూడోనాడు, 1467

గల్వానో,

అక్కడ నువ్వు ఏం వాదించావో నాకు సత్యప్రమాణంగా రాయి.

మీ నాన్న ఆదివారం ఇంటికి వచ్చాడు. గుర్రం దిగకుండానే వీధిలో వాళ్ళకు చెప్పడం మొదలుపెట్టాడు. "నా కొడుకు నిలబడి మాట్లాడుతుంటే మొత్తం బడి నోరెళ్ళబెట్టింది. నలభై ఏళ్ళు దాటితే మఠానికి హక్కు లేదని తొమ్మిది కారణాలు చూపించాడు. వరుసకు ఒకటి లెక్క" అంటాడు. మంగలి దుకాణంలో మళ్ళీ చెప్పాడు. నూనె వ్యాపారికి చెప్పాడు. మన గుడిలో పూజ చెప్పే విచారణ గురువుకు చెప్పాడు. నగర న్యాయమూర్తి గుమస్తాను ఆపి మరీ చెప్పాడు. "నా కొడుకు నోటి నుంచి వచ్చిందే చట్టం. నేనైనా సరే, వాడు గీసిన గీత దాటను" అని అందరి ముందూ ఛాతీ మీద కొట్టుకుంటున్నాడు. నిన్న తోటలో కొత్త గానుగ కొట్టుకు పునాది తవ్వించాడు. ఎక్కడనుకున్నావు? ఏడో వరుస చివర.

మూడు నెలల కిందట నాకు రాసింది ఒకటి, నలుగురిలో చెప్పింది ఒకటి అయితే, ఇంతకాలం నీ బూట్లకు నేను పంపిన ఊలు మేజోళ్ళు తిరిగి పంపెయ్యి.

జిలియోలా


బొలోన్యా,
పునీత యోహాను జనన పండుగ, 1467

నానమ్మా,

మేజోళ్ళు పంపను. కథ విను.

మా వాదనకు ఒక పద్ధతి ఉంది. ఏ పక్షాన్ని చివర కాదంటామో ఆ పక్షాన్నే ముందుగా, మనకు చేతనైనంత గట్టిగా నిలబెట్టాలి. ఎదటివాడి గోడ మనమే కట్టి, ఇటుకా ఇటుకా చూపించి, ఆ తరవాత ఒక్కొక్కటే తియ్యాలి. బలహీనంగా కడితే నవ్వుతారు. కాబట్టి పొద్దున అంతా తోట టిటియుస్‌దే అని వాదించాను. తొమ్మిది కారణాలు. నిజంగానే బాగా వచ్చాయి. నాన్న మూడో వరుసలో ఎర్ర అంగీ వేసుకుని, తొమ్మిదోదాని దగ్గర కళ్ళు తుడుచుకున్నాడు.

తరవాత కాస్త విరామం. నేను నీళ్ళు తాగి, రెండో పక్షమూ చివరి నిర్ణయమూ చెప్పడానికి తిరిగి వచ్చేసరికి ఆ చోటు ఖాళీ. దారిలో కాస్తెల్ సాన్ పియెత్రోలో గుర్రం మార్చుకోవాలని, కొడుకు గెలిచేశాడు కదా అని వెళ్ళిపోయాడట. నేను పిలవడానికి మనిషిని పంపాను. అప్పటికే ఊరి గేటు దాటాడు.

మిగతా సగంలో ఆ తొమ్మిదింటినీ నా చేత్తోనే పడగొట్టాను. లన్‌ఫ్రాంకో గారిని ఆ రోజు కూడా మోసుకొచ్చారు. అయ్యాక పిలిచి, "ముందు సగం నువ్వు నమ్మి చెప్పినట్టే ఉంది, అందుకే రెండో సగం నిలబడింది" అన్నారు. పదేళ్ళలో ఆయన ఎవరినీ మెచ్చుకోలేదని తోటివాళ్ళు చెప్తున్నారు.

ఇంకో సంగతి. వెనక గోడ దగ్గర నల్ల బట్టల ముసలాయన ఒకడు చివరిదాకా కూర్చుని రాసుకున్నాడు. మఠంలో పూజ చెప్పే గురువట, ఇమోలా నుంచి. అంటే బెనవెనూతా అమ్మగారికి మొత్తం తెలుసు. ఊరికి మాత్రం సగమే తెలుసు.

నాన్నకు రాశాను. "నువ్వు విన్నది కాదనడానికి చెప్పిన భాగం" అని. జవాబు వచ్చింది: "వినయం మంచిదే, మరీ ఎక్కువ వద్దు."

నానమ్మా, ఇక దస్తావేజు ఒక్కటే దారి. ఎందుకు తియ్యవు?

గల్వానో


ఇమోలా,
పునీత మగ్దలా మరియ పండుగ, 1467

గల్వానో,

మేజోళ్ళు ఉంచుకో. తిట్టినందుకు ఇంకో జత పంపుతున్నాను. క్షమాపణ అని రాయడం నాకు చేతకాదు, ఊలు అల్లడం వచ్చు.

రెండుసార్లు అడిగావు కాబట్టి చెప్తున్నాను. మీ తాత పోయిన రోజు మధ్యాహ్నం నన్ను దగ్గరికి పిలిచాడు. గోడ మీది శిలువ తీయించి నా చెయ్యి దాని మీద పెట్టించాడు. "ఆ కాగితం ఎవరికీ చూపించనని ప్రమాణం చెయ్యి, జిలియోలా. రినాల్దో నన్ను దొంగ అనుకుంటే నేను చచ్చినా పడుకోలేను" అన్నాడు. చేశాను. చెయ్యి వదల్లేదు, ఇంకేం చెయ్యను. ఆయన నిద్రపోయాడు. పద్దెనిమిదేళ్ళుగా నేను నిద్రపోవడం లేదు.

కాల్చెయ్యమని అనలేదు చూడు. నోటరీ కదా, కాగితం కాల్చమనడానికి నోరు రాలేదు. నేను కూడా నోటరీ పెళ్ళాన్నే. చూపించనని ఒట్టు పెట్టాను గాని చెప్పనని పెట్టలేదు. అందుకే నీకు రాయగలిగాను. అంతకుమించి అడుగు పడలేదు.

విచారణ గురువు దగ్గర పాపసంకీర్తనం చేసి తప్పు ఒప్పుకున్నాను. ఆయన జపమాల మూడుసార్లు చెప్పమని, "ఆ తొమ్మిది వరుసల ద్రాక్షసారాయేనా అమ్మా పోయిన క్రిస్మస్‌కు పంపింది? ఈ ఏడు కూడా ఉంటుందా?" అని అడిగాడు. మంచివాడే. ఏ చట్టమూ చదవలేదు.

రెండు చట్టాలూ చదవమని నిన్ను ఎందుకు పోరానో ఇప్పుడు తెలిసిందా? నేల సంగతి నాకు మొదటి నుంచీ తెలుసు. ఒట్టు సంగతి తెలియదు. శిలువ మీద పెట్టిన చెయ్యి ఎలా తియ్యాలో రోమను చట్టంలో రాసి ఉండదు. ఇంటి గుట్టు బయటి పండితుడి ముందు విప్పలేను. మన ఇంట్లోనే ఒకడు కావాల్సి వచ్చింది. అందుకు పద్దెనిమిదేళ్ళు ఆగాను.

నానమ్మ


బొలోన్యా,
మరియమాత మోక్షారోపణ పండుగ, 1467

నానమ్మా,

లన్‌ఫ్రాంకో గారి ఇంటికి వెళ్ళాను. ఈసారి టిటియుస్ పేరు వాడలేదు. "మా నానమ్మ" అన్నాను. ఆయన కాలు దిండు మీద నుంచి దించి, నిటారుగా కూర్చుని విన్నారు.

శ్రీసభ చట్టంలో ప్రమాణం చాలా బలమైనది. రోమను చట్టం చెల్లదన్న ఒప్పందాన్ని కూడా ప్రమాణం నిలబెడుతుంది. అందుకే నువ్వు భయపడ్డావు, నీ భయంలో తప్పు లేదు. కానీ ఒక హద్దు ఉంది. ఒకరి సొత్తు ఒకరికి చేరకుండా ఆపడానికి దేవుణ్ణి సాక్షిగా కట్టెయ్యలేం. ఆ పనికి పెట్టిన ఒట్టు పెట్టిన క్షణం నుంచే ముడి కాదు. నువ్వు తెంచాల్సింది ఏమీ లేదు నానమ్మా, అక్కడ తాడే లేదు. తొందరపడి ఒట్టు పెట్టినందుకు చిన్న ప్రాయశ్చిత్తం ఉంటుంది, అంతే. నేనింకా పట్టా లేనివాణ్ణి కాబట్టి, ఆయన చేత్తో నాలుగు వాక్యాలు రాయించి జతపరిచాను.

ఆయన ఇంకో మాట అన్నారు, రాయాలా వద్దా అనుకున్నాను. "ఆవిడ లాటిను చదువుతుందా?" అని అడిగారు. చదువుతుందన్నాను. "పద్దెనిమిదేళ్ళు ఒక ప్రశ్నను విడిచిపెట్టకుండా పట్టుకుంది. నా విద్యార్థులు పద్దెనిమిది నిమిషాలు పట్టుకోరు" అన్నారు.

బార్లీ పట్టు పని చేస్తోందట.

గల్వానో


ఇమోలా,
పునీత అగస్తీను పండుగ, 1467

గల్వానో,

నాలుగు వాక్యాలూ చదివాను. కిటికీ దగ్గర, వెలుతురులో, నాలుగుసార్లు. ఆయన లాటిను ఎంత శుభ్రంగా ఉందంటే ఒక్క మాట తీస్తే కూలిపోతుంది, ఒక్క మాట చేరిస్తే బరువెక్కుతుంది. మా నాన్నకు చూపించాలనిపించింది.

అయినా పెట్టె ఇంకా తియ్యలేదు. ఒట్టు గురించి కాదు, మీ నాన్న గురించి. నేను దస్తావేజు చూపిస్తే, "అమ్మా, నీ మనవడు ఇంకా కుర్రాడు" అంటాడు. ముందు నీ తల మీద డాక్టరు టోపీ పడనీ. అప్పుడు దస్తావేజు మీద నీ అభిప్రాయం రాసి, ముద్ర వేసి పంపు. మొదటి వాక్యంలోనే తేల్చి చెప్పు. కాదనే పక్షాన్ని ముందు రాస్తే నీ జోలికి రాను, దేవుడే చూసుకుంటాడు.

నానమ్మ


బొలోన్యా,
పునీత ఫ్రాన్సిసు పండుగ మూడోనాడు, 1467

నానమ్మా,

అయింది.

లోపలి పరీక్ష మంగళవారం. పొద్దున పవిత్రాత్మ పూజ విన్నాక రెండు పుస్తకాలు తెరిచి రెండు చోట్ల వేలు పెట్టారు. రోమను చట్టంలో కట్నం సొమ్ము గురించి. శ్రీసభ చట్టంలో ఒక బిషప్పు ఎన్నిక గురించి. టిటియుస్ దరిదాపుల్లో కూడా లేడు. కొన్ని గంటలు గదిలో పెట్టి తలుపు వేశారు, ఆ తరవాత రెండు చట్టాల డాక్టర్లూ ఎదురుగా వరసగా కూర్చున్నారు. రోమను వాళ్ళు వేగంగా అడుగుతారు. శ్రీసభ వాళ్ళు నెమ్మదిగా అడుగుతారు, నెమ్మదే కష్టం. ఒకచోట ఏం చెప్పాలో తోచలేదు. ఆగాను. తొందరపడలేదు. తోచింది. ఓట్లు లెక్కపెట్టినప్పుడు ఒక్కటి కూడా ఎదురు రాలేదు.

ఈ పొద్దున పెద్ద దేవాలయంలో పట్టా ఇచ్చారు. రెండు పుస్తకాలూ మూసి చేతికిచ్చారు, తరవాత తెరిచి ఇచ్చారు. వేలికి ఉంగరం, తలకు టోపీ. చివర నన్ను తీసుకెళ్ళిన గురువు ముద్దు పెట్టుకోవాలి. లన్‌ఫ్రాంకో గారు లేవలేరు కాబట్టి నేనే వంగాను. చెవిలో, "నీ కన్నా నీ నానమ్మ ముందు పాసైంది, చెప్పు" అన్నారు.

రెండు చట్టాల్లోనూ డాక్టరు అని నా పేరు పక్కన రాసినప్పుడు, నిజం చెప్పాలంటే, సగం పేరు నీదేననిపించింది. పాస్కాకే ఇంటికి వచ్చి ఉంటే, ఆ ఖాళీ సగంతో కుర్చీలో కూర్చుని, ఎంత గట్టిగా తప్పు చెప్పేవాణ్ణో.

అభిప్రాయం బీగో చేత పంపుతున్నాను. ముద్ర వేశాను. మొదటి వాక్యం: "తొమ్మిది వరుసలు మఠానివి."

గల్వానో


ఇమోలా,
పునీత లూకా పండుగ, 1467

డాక్టరు గల్వానో గారికి,

ఒక్కసారి అలా రాయాలనిపించింది, అయింది. నాయనా గల్వానో,

పోయిన వారం బుధవారం భోజనాల తరవాత పెట్టె తీశాను. దస్తావేజు మీ నాన్న ముందు పెట్టాను, దాని మీద నీ అభిప్రాయం పెట్టాను. వాడు ముందు ముద్ర చూసి మురిసిపోయాడు. తరవాత మొదటి వాక్యం చదివాడు.

"ఇది నిజంగా వాడే రాశాడా?"

"ముద్ర చూడు."

"బడిలో వేరేగా చెప్పాడే."

"నువ్వు గుర్రం కోసం పరిగెత్తిన తరవాత ఇదే చెప్పాడు."

చాలాసేపు దస్తావేజు మీద మీ తాత చేతిరాత వంక చూస్తూ కూర్చున్నాడు. అంచున ఆయన కొలిచిన అంకెలు ఉన్నాయి, ఆ వారం తేదీతో సహా. ఏం దాచాలన్నా ఆయన తేదీ వెయ్యకుండా ఉండలేడు. "నాన్నకు తెలుసన్నమాట," అన్నాడు. "తెలుసు, నాకూ తెలుసు. తాడు నేను పట్టుకున్నాను," అన్నాను. తిడతాడనుకున్నాను. "మరి నాతో చెప్పొచ్చు కదమ్మా" అన్నాడు. చిన్నప్పుడు జ్వరం వస్తే అలా మాట్లాడేవాడు. దానికి జవాబు ఉభయ చట్టాల్లోనూ ఉండదనుకుంటాను.

"ఇస్తే ఊళ్ళో ఏమంటారు?" అన్నాడు చివరికి.

"నీ కొడుకు గీసిన గీత నువ్వు దాటవని అంటారు. నువ్వే చెప్పావు కదా, అందరికీ."

గానుగ కొట్టు పునాది మర్నాడే పూడ్పించాడు. మంగలి దుకాణానికి మాత్రం వారం రోజులుగా వెళ్ళడం లేదు. గడ్డం చూస్తే భయం వేస్తోంది.

మఠానికి నేనే వెళ్ళాను. బెనవెనూతా అమ్మగారు దస్తావేజు మొదటి నుంచి చివరిదాకా చదివింది, అంచున ఉన్న అంకెలు కూడా. మీ తాత గురించి ఒక్క మాట అడగలేదు. "ఈ తొమ్మిది వరుసలూ ఇంతకాలం కత్తిరించింది ఎవరు?" అంది.

"నేను."

"మా వాళ్ళు తీగలు కత్తిరిస్తే గొర్రెకు ఊలు తీసినట్టుంటుంది. నడి చలికాలంలో మీరు వచ్చి ఇద్దరు చిన్న కన్యలకు నేర్పుతారా? ముందే చెప్తున్నాను, ఒకతె నోరు ఊరుకోదు."

"ఆవిణ్ణే ముందు పంపండి," అన్నాను.

పాపసంకీర్తనం లన్‌ఫ్రాంకో గారి నాలుగు వాక్యాలతో మొదలుపెట్టాను. విచారణ గురువు ఈసారి ద్రాక్షసారాయి మాట ఎత్తలేదు. ప్రాయశ్చిత్తంగా మూడు శుక్రవారాలు రొట్టె, నీళ్ళు. ఒకటి అయింది. రాత్రి ఎప్పటిలాగే మెలకువగా ఉంటాననుకుని పక్కన దీపం పెట్టుకున్నాను. తెల్లారాక చూస్తే నూనె అంతా అయిపోయి ఉంది, నేను దాన్ని ఆర్పలేదు.

ఇక విను. ఇంటికి బయలుదేరే ముందు రాతిపని వాళ్ళ వీధికి వెళ్ళి హద్దురాయి ఒకటి తీసుకో. నడుం ఎత్తు ఉండాలి, మూడోవంతు భూమిలోకి పోతుంది. గట్టి రాయి, ఇసుకరాయి కాదు. మఠం వైపు చిన్న శిలువ చెక్కించు, మన వైపు ఏమీ వద్దు. మీ నాన్న ఇంటి గుర్తు చెక్కించమని నీకు రాసే ఉంటాడు, ఆ ఉత్తరం అందలేదను. గురువారం బండి మీద గడ్డి పరిచి పడుకోబెట్టించు, మూలలకు పాత గోనెలు కట్టించు. బీగో దాని మీద కూర్చుంటానంటాడు. కూర్చోనివ్వకు.

నానమ్మ